కాకి తన్నిన రోజు

మా అపార్ట్‌మెంటు పార్కింగులో ఎవరైనా శామియానా వెయ్యాలంటే మూడు రోజుల ముందు నాకు అర్జీ రాసివ్వాలి. ఆ రూలు పెట్టింది నేనే. నాలుగేళ్ళుగా అసోసియేషన్ ప్రెసిడెంటుని మరి. నంద్యాలలో పాత్రల అంగడి మాధవయ్య శెట్టి అంటే మా వీధిలో అందరికీ తెలుసు, నా కోపం సంగతి ఇంకా బాగా తెలుసు. అలాంటిది, ఆ బుధవారం ఉయ్యాలవాడలో గృహప్రవేశం భోజనం కానిచ్చుకుని, నుదుట గంధం బొట్టుతో, భుజాన వాళ్ళు కప్పిన శాలువాతో, చేతిలో తాంబూలం సంచీతో ఆటో దిగేసరికి గేటు లోపల రంగురంగుల గుడ్డ ఎగురుతోంది. దాని కింద ఎర్ర కుర్చీలు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏందప్పా ఇది? ఎవురినడిగి కడతాండావు?”

శామియానా మనిషి పళ్ళతో పట్టుకున్న తాడు వదిలాడు. “సావుకు ఎవురినడగాలన్నా? మూడో అంతస్తులో శెట్టి పోయినాడంట గదా.”

మూడో అంతస్తులో శెట్లం ఇద్దరమే, నేనూ, ఎదురింటి సుబ్బరత్నయ్యా. ఆయనకు ఎనభై నాలుగేళ్ళు, చెవులు సరిగ్గా వినబడవు, రోజూ నా పేపరు నా కంటే ముందు చదివేస్తాడు. నేను బతికి ఆటో దిగాను కాబట్టి పోయింది ఆయనేనని తేలిపోయింది. నా గొంతు దానంతటదే తగ్గింది. పాపం, ఆ పొద్దున కూడా పేపరు గురించి ఆయన్ని కసురుకున్నాను. “సరే, గట్టిగా కట్టు, గాలి లేస్తాంది,” అని చెప్పి లిఫ్టు ఎక్కాను.

లిఫ్టు తలుపుకు పొడుగ్గా గీతలు పడి ఉన్నాయి. ఎవరో పెద్ద సామానేదో ఇరికించి చూసి, పట్టక వదిలేసినట్టున్నారు. చావింటి వాళ్ళను ఏమీ అనకూడదు కదా, పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను.

పైన దిగితే సుబ్బరత్నయ్య తలుపు మూసి ఉంది. మా తలుపు బార్లా తెరిచి ఉంది. గడప బయట మూడు జతల చెప్పులు. వాటిలో ఒక జత చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. గోధుమ రంగు తోలు చెప్పులు, కుడిదాని మడమ ఒక పక్కే అరిగిపోయింది. అలా కుడికాలు ఈడ్చి నడిచే మనిషి నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. ఆళ్లగడ్డ సామ్యేలు. ఆరేళ్ళుగా నాతో మాట లేని సామ్యేలు.

మెల్లగా లోపలికి తొంగి చూశాను. అది మా హాలేనా అనిపించింది. సోఫాను గోడకు జరిపేశారు. టీవీ వైరు పీకేశారు. మధ్యలో గాజు మూత ఉన్న పొడవాటి పెట్టె, శవాలను చల్లగా పడుకోబెట్టే ఫ్రీజర్ పెట్టె, ఖాళీగా గుర్రుమంటోంది. దాని తలాపున స్టూలు మీద ఒక పాత ఫోటో, ఆ ఫోటోకు బంతిపూల దండ. ఫోటోలో ఇద్దరు పిల్లగాళ్ళు, ఏనుగు కాళ్ళ ప్యాంట్లు, దువ్విన క్రాపులు. పదో తరగతిలో మహానందికి టూరు పోయినప్పుడు తీయించుకున్నది. ఒకడు నేను, రెండోవాడు సామ్యేలు. దండ ఇద్దరికీ కలిపి పడింది.

సామ్యేలు అటు తిరిగి పెట్టె వైరు చూస్తున్నాడు. ఆళ్లగడ్డ స్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఎక్కడున్నా పరీక్ష హాల్లో ఉన్నట్టే ఉంటాడు. “తిమోతీ, ఇంగో వైరు యాడ పెట్టినావు? సరస్వతీ, పన్నీరు బుడ్డి తెచ్చినావా ల్యా? మూడున్నర అయితాంది, వచ్చేస్తాడు.” తిమోతి కూడా మా క్లాసువాడే. ఇప్పుడు ఆళ్లగడ్డలో ఇలాంటి పెట్టెలు బాడుగకు ఇస్తుంటాడు. సరస్వతి సామ్యేలు భార్య. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ మా అమ్మ పక్కన కూర్చుంది.

మా అమ్మ మహానందమ్మ తలుపుకు ఎదురుగా కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఎనభై రెండేళ్ళ మనిషి. ఆమె ఒక్కతే నన్ను చూసింది. చూసి అదిరిందా, బెదిరిందా? కనుబొమలు ముడిచి, ‘పో, పో’ అని గడ్డంతో బయటికి చూపించింది.

నా ఇంట్లోంచి నన్నే తోలెయ్యడమా! నోరు తెరవబోయాను. ఇంతలో వెనకాల సుబ్బరత్నయ్య తలుపు తెరుచుకుంది. బతికే ఉన్నాడు, చంకలో నా పేపరుతో. నా బొట్టూ శాలువా పైనుంచి కింది దాకా చూశాడు.

“నువ్వు పోయినావంట గదప్పా మాధవయ్యా! మల్ల యాడ తిరుగుతాండావు?”

నేను జవాబు చెప్పేలోపే మా అమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ బయటికొచ్చి, మా తలుపు దగ్గరగా వేసి, నన్ను సుబ్బరత్నయ్య గుమ్మంలోకి నెట్టింది.

“బుద్ధుందా నీకు? అప్పుడే యాల వచ్చినావు?”

“నా ఇంటికి నేను రాగూడదామ్మా? ఆ పెట్టె ఏంది? వాడు యాల వచ్చినాడు?”

“మెల్లగా! నువ్వు సచ్చిపోయినావని నేనే చెప్పినా.”

“ఏందీ?”

“పొద్దున నిన్ను కాకి తన్నింది గదరా.”

అప్పుడు నాకు గుర్తొచ్చింది. పొద్దున ఆరున్నరకు ట్యాంకు పొంగిపోతోందని మిద్దె ఎక్కాను. ఎటు నుంచి వచ్చిందో ఒక కాకి, నా బట్టతల మీద కాళ్ళతో ఒక్క తన్ను తన్ని పోయింది. కాఫీ తాగుతూ నవ్వులాటకు అమ్మతో చెప్పాను. ఆమె లోటా కింద పెట్టేసింది. తల మీద కాకి తన్నితే ప్రాణగండం అంటారు మా వైపు. దానికి విరుగుడు కూడా ఉంది. ఆ మనిషి పోయాడని దూరాన ఉన్న అయినవాళ్ళకు ఒక అబద్ధపు కబురు పంపాలి. ఆ కబురు అందుకున్నవాళ్ళే నమ్మి ఏడిస్తే, ఆ కన్నీళ్ళతో గండం కొట్టుకుపోతుంది. ఏడ్చాక వెంటనే నిజం చెప్పెయ్యాలి. మా నాయన కాలంలో రెండు పోస్టు కార్డులతో పని జరిగిపోయేది, ఈరోజు ఒకటి, రేపు ఒకటి. “ఎవురికో ఒకరికి చెప్తాన్రా,” అంది అమ్మ. “చెప్పుకో పో, నన్ను మాత్రం ఇసిగించొద్దు,” అని నేను బస్సుకు పరిగెత్తాను. ఆ తొందరలో ఫోను చార్జింగులోనే మరిచిపోయాను. నా భార్య యశోదమ్మ కర్నూల్లో మా అమ్మాయి శ్రీవాణి దగ్గర ఉంది. ఇంట్లో అమ్మకు అడ్డు చెప్పేవాళ్ళే లేరు.

“చెప్తే చెప్పినావు. ఏడ్చినంక నిజం చెప్పాల గదా?”

“అదే గదరా నా బాధ! వాడు ఏడిస్తే గదా చెప్పేది!”

తొమ్మిదింటికి అమ్మ ఫోను చేసి “మాధవ పోయినాడు నాయనా” అంటే, అవతల సామ్యేలు “ఆ?” అన్నాడట. అంతే, ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఒంటిగంటకు పెట్టెతో సహా దిగాడు. దిగినప్పటి నుంచి వైర్లు, కుర్చీలు, పూలు, శామియానా, ఇదే పని. కంట్లో చుక్క లేదు. ఏడవకముందే నిజం చెబితే గండం ఎక్కడికీ పోదని అమ్మ లెక్క. అందుకని రెండున్నర గంటలుగా ఆమె వాడి కళ్ళ వంకే చూస్తూ కూర్చుంది.

“సరే, నేను యాడుండానని అడగలేదా వాడు?”

“అడిగినాడు. ఉయ్యాలవాడకు పోయినాడు, మూడున్నరకు వస్తాడు, నువ్వు ఇంగెవురికీ ఫోన్లు చెయ్యొద్దు అని చెప్పినా. అందులో అబద్ధం ఏముంది? నేను ఆడింది పొద్దున ఒక్కటే.” అమ్మ కొంగు సర్దుకుంది. “నువ్వు ఈడ్నే ఉండు. ఇంగొక అరగంట చూస్తా. నాలుగు మాటలు చెప్పి ఎట్లన్నా ఏడిపిస్తా.”

లోపలికి వెళ్ళిపోయింది. సుబ్బరత్నయ్య నాకు కుర్చీ వేసి, నా పేపరే నాకు చదువుకోమని ఇచ్చాడు. పేపరు చదివే స్థితిలో నేను లేను. అమ్మ భయం గండం గురించి. నాది వేరే. ఆ మనిషి నాకోసం ఒక్క చుక్క రాల్చలేదా? ఎంత కొట్లాడుకున్నా వాడు నావాడేనని ఆరేళ్ళుగా లోపల నమ్ముకుని ఉన్నాను. అది కూడా ఉత్తదేనా? నిజం చెబుతున్నాను, కాకి తన్నినప్పుడు వెయ్యని భయం అప్పుడు వేసింది.

మా ఇద్దరి సంగతి చెప్పాలి. ఆళ్లగడ్డలో మా అంగడి వెనక వీధిలోనే సామ్యేలు వాళ్ళ ఇల్లు. ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. క్రిస్మసుకు వాళ్ళింటి అరిసెలు మా ఇంటికి, ఉగాదికి మా ఇంటి భక్ష్యాలు వాళ్ళింటికి. మా నాయన పోయినప్పుడు పాడెకు నాలుగో భుజం సామ్యేలుదే. అలాంటివాడికి మా శ్రీవాణి పెళ్ళికి నేను ఏం చేశానంటే, కార్డు ఫోటో తీసి ఫోనులో పంపాను. నిజానికి కార్డుల మీద మొట్టమొదట రాసింది వాడి పేరే. చివరి రోజు తీరిగ్గా ఆళ్లగడ్డ పోయి, చేతికిచ్చి, భోంచేసి వద్దామనుకున్నాను. వంటవాళ్ళు, పూలవాళ్ళు, వియ్యాలవారి అలకలు, వీటిలో ఆ చివరి రోజు దాటిపోయింది. ‘మనోడే గదా, ఏమనుకుంటాడులే’ అనుకున్నాను. బయటివాళ్ళందరికీ ఇంటికి పోయి బొట్టు పెట్టి పిలిచినవాణ్ణి, మనోడికి మాత్రం ఫోటో.

వాడు రాలేదు. పందిట్లో పదిసార్లు గేటు వైపు చూశాను. చివరికి పదిమంది ముందు అన్నాను, “పంతులయినాడు గదా, పెద్దోడయిపోయినాడు, మన ఇండ్లకు యాడ వస్తాడు” అని. ఆ మాట నా కంటే ముందు ఆళ్లగడ్డ చేరింది. అక్కడితో సరి. వాడు ఫోను చెయ్యలేదు. నేనెందుకు చేస్తాను? పెళ్ళికి రానిది వాడు కదా! ఇలా మనసులో నేను ఆరేళ్ళు వాదించుకున్నాను, ప్రతిసారీ నేనే గెలిచాను.

అటువైపు నుంచి అమ్మ గొంతు వినబడింది. “సిన్నప్పుడు ఇద్దరూ ఒకే గిన్నెలో తింటాంటిరి గదా నాయనా...” అని మొదలుపెట్టింది. సరస్వతి భోరుమంది. తిమోతి ముక్కు చీదాడు. సామ్యేలు మాత్రం, “అమ్మా, నువ్వు గెట్టిగుండాల. ఆ స్విచ్చి మీద చెయ్యి పెట్టొద్దు,” అన్నాడు.

కాసేపటికి వాడి గొంతే మళ్ళీ. “భుజాలు పడిపోయినాయిరా తిమోతీ. మూడంతస్తులు మోస్తిమి. మనిషి సస్తే పెట్టె పట్టని లిఫ్టు ఎవుడు పెట్టించినాడబ్బా? ఈ అపార్ట్‌మెంటుకు ప్రెసిడెంటనేటోడు ఉండాడా?”

“ప్రెసిడెంటు మన మాధవనే గదరా.”

“అట్లనా?” అన్నాడు సామ్యేలు. “ఇంగేం. వానికి ముందుసూపు ఏనాడుంది?”

నా నోరు నా మాట వినదు. ఎన్నడూ వినలేదు. పేపరు విసిరేసి, రెండు అంగల్లో మా గడప దాటాను.

“లిఫ్టు పెట్టించింది బిల్డరు! నేను కాదు! తెలీకుండా మాట్లాడొద్దు!”

తిమోతి “దయ్యం రా!” అని సోఫా ఎక్కేశాడు. సరస్వతి “ప్రభువా!” అని అమ్మను గట్టిగా పట్టుకుంది. అమ్మ నెత్తి కొట్టుకుంది. “పాడు చేసినాడు! అంతా పాడు చేసినాడు! ఇంగొక నిమిషం ఆగుంటే ఏడిచేటోడు!”

సామ్యేలు కదల్లేదు. చేతిలో వైరు అలాగే ఉంది. నన్ను చూస్తున్నాడు, నా గంధం బొట్టు, శాలువా, తాంబూలం సంచీ అన్నీ చూస్తున్నాడు. కుడికాలు ఈడ్చుకుంటూ నా దగ్గరికొచ్చాడు. నా బట్టతల మీద కాకి గోరు గీరిన చోట వేలు పెట్టాడు. తర్వాత అరచెయ్యి నా గుండె మీద ఆనించి, లెక్క సరిచూసుకుంటున్నట్టు కాసేపు నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, ఆ పెట్టె గాజు మూత మీద తల పెట్టి, ముప్పై ఏళ్ళు ఊరి పిల్లల్ని ఏడిపించిన లెక్కల పంతులు, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

“పొద్దున్నుంచి ఏడుపు రాలేదురా నాకు,” అన్నాడు ఎక్కిళ్ళ మధ్య. “కోపం వచ్చింది. నాతో మాట్లాడకుండా పోయినావని కోపం. రెండు పీకి కొట్లాడదామంటే నువ్వే ల్యాకపోతివి. ఎవురితో కొట్లాడేది?”

నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలనిపించలేదు.

అమ్మ ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. “ఏడ్చినాడు! ఏడ్చినాడు! పోయె, గండం పోయె!”

“ఎవురు పోయినారు?” అన్నాడు సుబ్బరత్నయ్య గుమ్మంలోంచి.

అమ్మ ఆ సంబరంలో మొత్తం కథ చెప్పేసింది, కాకి, తన్ను, ఫోను, అన్నీ. చెప్పేకొద్దీ సామ్యేలు ఏడుపు ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. వంగి పెట్టె స్విచ్చి ఆపేశాడు. ఆ గుర్రు ఆగిపోయింది.

“తిమోతీ, పెట్టె ఎత్తు. సరస్వతీ, పద.”

“నాయనా, కూచో, ఒక్క మాట...” అంది అమ్మ.

“పెండ్లికి పిలిస్తే పోవాల, సావుకు పిలవకున్నా పోవాల. అందుకని వచ్చినానమ్మా. ఈడ సావూ ల్యా. పెండ్లికి నన్ను పిలిచినోడూ ల్యాడు. ఇంగ నాకేం పని?” ఫోటో మీది దండ తీసి స్టూలు మీద పెట్టాడు. తను తెచ్చిన ఫోటోను చంకలో పెట్టుకున్నాడు. బయటికి పోయి చెప్పుల్లో కాలు పెట్టాడు.

‘పోతే పో’ అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆరేళ్ళ అలవాటు. వాడి చంకలోని ఫోటోలో వాడి సగం కనబడకుండా పోయింది, నేను ఒక్కణ్ణే మిగిలాను. ఈసారి వీడు మెట్లు దిగితే మళ్ళీ ఎక్కడు. ఇంకోసారి నేను పోయానని కబురొస్తే, అది నిజమైనా సరే, నమ్మి రాడు. మాటను గుటకేసి లోపలి గదిలోకి పరిగెత్తాను.

బీరువాలో, యశోదమ్మ పట్టుచీరల కింద అది ఇంకా ఉంది. శ్రీవాణి పెళ్ళి కార్డు. నాలుగు మూలలా పసుపు, పైన నా చేతి రాత: ‘సామ్యేలు, సరస్వతి దంపతులకు’. పారెయ్యలేకపోయాను, చూడలేకపోయాను, అందుకే అక్కడ పెట్టాను. తాంబూలం సంచీలోంచి కొబ్బరికాయ, ఆకులు, వక్కలు, రెండు అరటిపండ్లు తీసి కార్డు కింద పెట్టుకుని బయటికొచ్చాను. సామ్యేలు రెండు మెట్లు దిగేశాడు. నేను పై మెట్టు మీద నిలబడి, రెండు చేతులూ చాపాను.

“సామ్యేలూ, మా శ్రీవాణి పెండ్లి. నువ్వూ, చెల్లెలూ ముందురోజే రావాల. నువ్వు ల్యాకుంటే పందిట్లో నాకు చెయ్యాడదు.”

వాడు తిరిగి చూశాడు. పైకొచ్చి కార్డు తీసుకున్నాడు. పంతులు కదా, కార్డు ఇస్తే చదవకుండా ఉండలేడు. విప్పి, పెద్దల పేర్ల నుంచి ముహూర్తం దాకా అక్షరం వదలకుండా చదివాడు.

“ఆరేండ్ల కిందటి మే నెల ఇది. శ్రీవాణికి ఇద్దరు బిడ్డలు గదరా ఇప్పుడు.”

“ఔ. కార్డియ్యడం కొంచెం ఆలస్యమైంది.”

“కొంచెమా?”

“తప్పు నాదేరా,” అన్నాను. నాలుగేళ్ళ ప్రెసిడెంటుగిరీలో ఆ మాట నా నోట ఎవరూ విని ఉండరు. “మనోడే గదా అనుకున్నా. మనోడికే ముందు ఇయ్యాలని తెలుసుకోలేకపోయినా.”

సామ్యేలు కార్డు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జేబు మీద ఒకసారి తట్టుకున్నాడు. “ఫోటో పంపిస్తే కార్డయితాదేమిరా, ఎద్దూ,” అని చెప్పులు విప్పాడు. “ముందు నీళ్ళియ్యి. సావింట్లో ఏమీ తాగగూడదు గదా మీ పద్ధతి. ఈ ఎండలో పొద్దున్నుంచి గొంతు ఎండబెట్టుకోని ఉండా. దానికి తోడు ఆ నెయ్యి వాసనొకటి. సావింట్లో నెయ్యి వాసనేందబ్బా అని అడిగితే బాగుండదని ఊరకున్నా.”

నెయ్యి వాసన సంగతి అప్పుడు నాకూ తట్టింది. వంటింట్లోకి పోయి మూత తీసి చూశాను. అమ్మ చేసిపెట్టిన భక్ష్యాలు, నెయ్యి పూసి, పొరలు పొరలుగా. పాతిక పైనే ఉన్నాయి. పక్కన చిత్రాన్నం, మజ్జిగ. సామ్యేలుకు ఇష్టమని చిత్రాన్నంలో వేరుశనగలు రెట్టింపు.

హాల్లోనే అందరం నేల మీద కూర్చున్నాం, ఆ పెట్టె పక్కనే. సరస్వతి కళ్ళు మూసుకుని, అన్నను సజీవంగా నిలిపినందుకు ప్రభువుకు స్తోత్రం చెప్పింది. “మా కాకికి కూడా ఒక మాట చెప్పమ్మా,” అంది అమ్మ. తిమోతి నా వైపు చూసి, ఎలాగూ ఒక రోజు బాడుగ అయిపోయింది కాబట్టి మజ్జిగ కుండ పెట్టెలో పెడితే చల్లగా ఉంటుందన్నాడు. అమ్మ గరిటె ఎత్తింది. అప్పుడే శామియానా మనిషి పైకొచ్చి, తల గోక్కుంటూ అడిగాడు.

“ఏమన్నా, శవం వచ్చిందా?”

“వచ్చినా. కూచో, తిను,” అన్నాను.

సామ్యేలుకు పొలమారింది. నవ్వీ నవ్వీ మళ్ళీ కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. శామియానాకు అర్జీ రాయలేదని గుర్తు చేస్తే, ఎడమ చేత్తో కాగితం లాక్కుని వాడే రాశాడు. ‘కార్యక్రమం’ అన్న చోట ‘పెండ్లి’ అని రాసి నా చేత సంతకం పెట్టించాడు.

అమ్మ మాత్రం ఇంకా విస్తరి ముందు కూర్చోలేదు. ఒక భక్ష్యం తుంచి, బాల్కనీ పిట్టగోడ మీద పెడుతోంది. నేను వెనకాలే పోయి మెల్లగా అడిగాను.

“ఇంతమంది బంధువులుండారు గదమ్మా. వాళ్ళనంతా ఇడిసిపెట్టి వానికే యాల చేసినావు ఫోను?”

“ఏడిచేటోళ్ళకే గదా నాయనా చెయ్యాల. అందరినీ ఒకసారి తల్చుకున్నా. నీకోసం నిజంగా ఏడిచేటోడు వాడొక్కడే కనపడినాడు.”

“ఒకవేళ రాకుంటే?”

“వచ్చినాడు గదా.” ఆమె చెయ్యి కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. “ఆరేండ్ల నుంచి కాచుకోని ఉండా నాయనా, ఒక్క కాకి కోసం. పో, బేగా తిను, భక్ష్యాలు అయిపోతాయి.”